ప్లస్ మ

హాస్టల్, రెండో అంతస్తు
జనవరి 12

మావయ్యా,

ముందు చెడ్డ వార్త. అర్ధసంవత్సరం పరీక్షలో క్యాలికులస్‌లో యాభైకి పదకొండు. అమ్మతో పంతొమ్మిది అన్నాను, నువ్వు నోరు జారకు. మార్చి పరీక్షలో కూడా ఇదే వరసైతే రెండో ఏడాదికి పంపరు, హాస్టల్ గది ఖాళీ చెయ్యాలి. ఆ తర్వాత నాన్న కుట్టు దుకాణంలో కాజాలు కుట్టుకుంటూ కూర్చోవడమే. నాన్న నా కోసం ఇప్పటికే ఒక స్టూలు చూసిపెట్టాడట. వేళాకోళమో కాదో అర్థం కావడం లేదు.

మంచి వార్త: నాకు ముగ్గురు గురువులు దొరికారు. మా గదిలో ఉండే పొడుగు, ఎదురు గదిలో ఉండే కళ్లజోడు, తుమ్ము. తుమ్ముకి ఆ పేరు ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ముగ్గురూ రోజూ సాయంత్రం కూర్చోబెట్టి లిమిట్లూ డెరివేటివ్‌లూ చెప్తున్నారు. ఊరికే కాదులే. ఆదివారం మధ్యాహ్నాలు మేం ఆడే ఊరూ–దొంగా ఆటకి నేను కొత్త పాత్రలు తయారుచేసి ఇవ్వాలి. అదీ ఒప్పందం.

ఆట గుర్తుందా? పదిమంది గుండ్రంగా కూర్చుంటాం. తలా ఒక చీటీ. ఒకరిది దొంగ చీటీ, ఒకరిది కాపలావాడి చీటీ, మిగతావాళ్లంతా ఊరు. అందరూ కళ్లు మూసుకున్నప్పుడు దొంగ ఒకరిని తీసేస్తాడు. కళ్లు తెరిచాక దొంగ ఎవరో వాదించుకుని చేతులెత్తుతాం. చీటీ బయటపడినవాళ్లు లేచిపోవాలి. ఈ పాత్రలతో అందరికీ మొహం మొత్తింది. అందుకని ‘జలుబు’ అని ఒక చీటీ రాశాను: పక్కనున్న ఇద్దరికీ అంటుతుంది, అంటినవాళ్లు ఆ విడత నోరెత్తకూడదు. తుమ్ము నాతో ఒక పూట మాట్లాడలేదు.

చిక్కంతా ‘సాక్షి’తో. ఆ చీటీ వచ్చినవాళ్లు ఒకసారి కళ్లు తెరిచి దొంగని చూడొచ్చు. చూసింది చెప్పేస్తే ఆట రెండు నిమిషాల్లో ఐపోతోంది. నీకేమైనా తోస్తుందా?

ఇంకోటి. ఇంటిగ్రేషన్ మా గురువులకీ రాదు. చివర స్థిరాంకం కలపడం నలుగురం మర్చిపోతాం, అక్కడే మార్కు పోతుంది. నువ్వే దిక్కు. నువ్వు రాసి పంపింది నలుగురం చదువుకుంటాం.

పిచ్చుక

తా.క. వెనకవైపు ‘జలుబు’ చీటీ అంటించాను. బొమ్మ కళ్లజోడు వేసింది.

*

కాలేజీ స్టాఫ్ రూమ్
జనవరి 21

కోడలు పిల్లకి,

పదకొండు సంగతి మీ అమ్మకి నేను చెప్పను. పంతొమ్మిది అని కూడా చెప్పను. నన్ను అడగకుండా ఉంటే మంచిది. మా అక్క అడక్కుండా ఉండదు.

ఇంటిగ్రేషన్ పద్ధతులు ఆరు పేజీల్లో రాసి జతచేశాను. ఒక్కో లెక్కా కిందికి చూడకుండా చెయ్యి, తర్వాతే నా జవాబు చూడు. స్థిరాంకం విషయానికొస్తే, పుస్తకాల్లో చివర ‘ప్లస్ సి’ అని రాస్తారు. అది ఎవరికీ గుర్తుండదు. నేను ఇరవై రెండేళ్లుగా క్లాసులో ‘ప్లస్ మ’ అని రాయిస్తున్నాను. మ అంటే మర్చిపోకు. స్థిరాంకానికి ఏ అక్షరం పెట్టినా తప్పులేదు, మార్కు కొయ్యడానికి వీల్లేదు. పక్క బల్ల ఫిజిక్సాయన దీని మీద రోజూ ఒక జోకు వేస్తాడు. మ కనబడితే చాలు, ఏ ఊళ్లో ఉన్నా అది మీ సంతానమే అంటాడు.

మీ సాక్షి గురించి. శక్తి ఇచ్చి ఖరీదు పెట్టలేదు నువ్వు. అదే లోపం. చెప్పడానికి హక్కు ఉండనీ. కానీ చెప్పిన మరుక్షణం దొంగతో పాటు సాక్షి కూడా లేచిపోవాలి అని పెట్టు. అప్పుడు నోరు విప్పేముందు ఆలోచిస్తారు.

మీ మావయ్య

*

హాస్టల్
ఫిబ్రవరి 16

మావయ్యా,

నీ ఆరు పేజీలూ ఇప్పుడు ఇరవై నాలుగయ్యాయి. తుమ్ము చదివి వినిపించింది, తుమ్ములతో సహా. కళ్లజోడు మిగతా ముగ్గురికీ తలా ఒక కాపీ రాసింది. పొడుగు అయితే గోడమీద బొగ్గుతో పెద్ద మ రాసింది. వార్డెన్ చూసి, “ఎవరే ఈ మ?” అంది. “మా మావయ్యండీ” అన్నాను. మొహం అదోలా పెట్టింది. ఆవిడ ఏమనుకుందో నాకు అర్థమయ్యేసరికి మెట్లు దిగి వెళ్లిపోయింది. ముగ్గురూ నేలమీద పడి దొర్లారు.

క్లాసు పరీక్షలో యాభైకి ముప్పై నాలుగు! ఇది నిజం ముప్పై నాలుగు. అమ్మకి కూడా ఇదే చెప్పాను.

సాక్షికి నీ ఖరీదు పెట్టాక ఆట ఎంత మారిందో! పోయిన ఆదివారం కళ్లజోడుకి సాక్షి వచ్చింది. దొంగ పొడుగు అని చూసింది. చూసి కూడా ఆట అంతా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఊరంతా ఓడిపోయాక, “చెప్తే నేనూ పోతాగా, ఉండి చూద్దామనుకున్నా” అంది. మిగతా ఎనిమిదిమంది దాన్ని తిట్టిన తిట్లు ఉత్తరంలో రాయడానికి పనికిరావు.

పిచ్చుక

*

కాలేజీ స్టాఫ్ రూమ్
మార్చి 2

కోడలు పిల్లకి,

ముప్పై నాలుగు చాలదు. నలభై ఉండాలి, అప్పుడు పరీక్ష హాల్లో ఆరు పోయినా ఇబ్బంది లేదు.

నెలాఖరు నుంచి నేను పేపర్లు దిద్దే క్యాంపులో ఉంటాను. మీ కాలేజీ పేపర్లు మా బల్లకి రావు, వేరే గుంపు. ఒకవేళ బంధువుల పేపరు చేతికొస్తే కట్ట వెంటనే తిరిగిచ్చెయ్యాలని నియమం. కాబట్టి మావయ్య ఉన్నాడని ధీమా పెట్టుకోకు.

చేతిరాత కొంచెం గుండ్రంగా రాయి. నీ ‘న’ కి ‘స’ కి తేడా నాకే తెలియదు.

మీ మావయ్య

*

హాస్టల్
మార్చి 19

మావయ్యా,

ఐపోయింది! బస్సు ఎక్కబోతున్నాను, అందుకే కార్డు ముక్క. పేపరు కష్టమే, ఐనా గట్టెక్కుతాం. హాల్లోకి వెళ్లేముందు నలుగురికీ, చీటీలు రాసిచ్చాను. ఒక్కటీ బయటపడలేదు. ఇంటిగ్రేషన్ ప్రశ్న నలుగురం ఒకేలా చేశాం, చివర నీ మ తో సహా. బయటికొచ్చి చెప్పుకుని ఒకటే నవ్వు. ఈ పుణ్యం నీదే.

పిచ్చుక

*

క్యాంపు
ఏప్రిల్ 2

నీ కార్డు అందింది. ఇక్కడ పని ఎక్కువగా ఉంది.

నా దగ్గర నేర్చుకున్నది ఎలా వాడాలో ఎవరి ఇష్టం వాళ్లది. వాడిన దానికి జవాబు కూడా వాళ్లే చెప్పుకోవాలి. ఇంతకంటే రాయలేను.

మావయ్య

*

హాస్టల్
ఏప్రిల్ 9

మావయ్యా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఒంట్లో బాలేదా? లేక సెలవుల్లో నీ దగ్గరికి రాలేదని కోపమా? పరీక్షలవగానే అమ్మ రమ్మంది, వారం ఉండి వచ్చాను, అంతే. అలగకు. ఈ వయసులో నీకు అలక నప్పదు.

అసలు సంగతి వేరే ఉంది. నిన్న మా నలుగురికీ నోటీసు వచ్చింది. క్యాలికులస్ పేపరులో కాపీ కొట్టామట. ఇరవై నాలుగో తేదీన ఎంక్వయిరీ. నలుగురి పేపర్లలోనూ ఏదో ఒకే గుర్తు ఉందని రాశారు. అది మ యే అయ్యుంటుంది, ఇంకేముంది? నోటీసు చూసినప్పట్నుంచి పొడుగు అన్నం ముట్టలేదు. వాళ్ల నాన్న లారీ డ్రైవరు, ఇంట్లో చదువుకున్నది ఇదొక్కతే. నేరం రుజువైతే రెండేళ్లు పరీక్ష రాయనివ్వరు. నా స్టూలు సిద్ధంగా ఉంది, దానికి అదీ లేదు.

నువ్వు ఒక్క ముక్క రాసివ్వు మావయ్యా. ఈ మ నేను నేర్పింది, ఇరవై రెండేళ్లుగా నేర్పుతున్నాను, స్థిరాంకానికి ఏ అక్షరమైనా పెట్టొచ్చు అని. నీ మాటంటే వాళ్లు వింటారు. పేపర్లు దిద్దేవాళ్లలో నీకు తెలిసినవాళ్లు ఉంటారు కదా, ఈ పని చేసిందెవరో కనుక్కో. కనబడితే నాలుగు మాటలని కడిగెయ్యాలని ఉంది.

పిచ్చుక

*

క్యాంపు
ఏప్రిల్ 14

ఈ విషయంలో నేను కలగజేసుకోవడం సబబు కాదు. బంధుత్వం ఉంది కనుక అసలే కాదు. అడిగినదానికి నిజం చెప్పండి. చేసింది ఒప్పుకుంటే శిక్ష తగ్గిస్తారని విన్నాను.

మావయ్య

*

హాస్టల్
ఏప్రిల్ 27

మావయ్యగారికి,

ఎంక్వయిరీ ఇరవై నాలుగున జరిగింది. జరిగింది జరిగినట్టు రాస్తాను. మీకు అలా రాస్తేనే ఇష్టం.

ప్రిన్సిపల్ గది పక్క వరండాలో నాలుగు కుర్చీలు వేశారు. ఒక్కొక్కరినే పిలిచారు. లోపల ముగ్గురు: ఒక పెద్దాయన, ఇంకో లెక్చరరు, ఒకావిడ. నన్ను చివర పిలిచారు. బోర్డుమీద ఒక ఇంటిగ్రేషన్ ఇచ్చారు. చేశాను. చివర ప్లస్ మ అని రాశాను.

“ఏమిటమ్మా ఇది?” అన్నారు పెద్దాయన.

“మర్చిపోకు అండీ.”

“నన్నా?”

“స్థిరాంకాన్నండీ.”

ఆవిడ నవ్వారు. మిగతా ముగ్గురూ ఇదే చెప్పారని, లెక్క కూడా తప్పులేకుండా చేశారని ఆయనే అన్నారు. అంతటితో ఐపోయిందనుకున్నాను. అప్పుడు ఆయన ఫైలు తెరిచారు. “మరి దీనికేమంటావు? పేపర్లు దిద్దినాయన తన రిపోర్టులో, నమ్మదగిన వ్యక్తి రాసిన ఉత్తరం నుంచి అని ఇది ఎత్తిరాశాడు” అని చదివారు.

“హాల్లోకి వెళ్లేముందు నలుగురికీ, చీటీలు రాసిచ్చాను. ఒక్కటీ బయటపడలేదు.”

నలుగురికీ దగ్గర ఆగి చదివారు. అక్కడ కామా అక్కర్లేదు. బస్సు కదులుతుంటే తొందరలో నేను పెట్టిన కామా అది. మీరు దాన్ని కూడా వదలకుండా ఎత్తిరాశారు.

మంచినీళ్లు తాగొస్తానని బయటికి వచ్చాను. “ఏమడిగారే?” అంది తుమ్ము. దాన్ని దాటుకుని వెళ్లాను. కుండ దగ్గర నిలబడి ఆలోచించాను. నేను నోరు మూసుకుంటే ఆ ఉత్తరం ఎవరిదో ఎవరికి రాసిందో తేలదు. మీకు ఏమీ కాదు. మేం నలుగురం పోతాం. నోరు విప్పితే, బంధువు పేపరు చేతికొచ్చినా కట్ట తిరిగివ్వలేదని మీ సంగతి బయటపడుతుంది.

లోపలికెళ్లి చెప్పాను. “ఆ ఉత్తరం రాసింది నేనేనండీ.”

“ఎవరికి?”

“మా మావయ్యకి. అమ్మ తమ్ముడు.”

పెద్దాయన కలం మూత పెట్టేశారు.

తర్వాత గదికెళ్లి మా బిస్కట్ల డబ్బా తెచ్చి బల్లమీద బోర్లించాను. నలభై మూడు చీటీలు. పరీక్ష రోజువి విడిగా తీసి చూపించాను. పొడుగుకి: ‘కాపలావాడు, ఒక్క తప్పు లెక్కని కాపాడొచ్చు’. తుమ్ముకి: ‘ఈ మూడు గంటలు నీ జలుబు పక్క బెంచీది’. అదృష్టం కోసం రాసిచ్చినవి. హాలు బయట సంచుల్లో పెట్టి వెళ్లాం, తర్వాత మడత విప్పకుండా డబ్బాలో వేశాం. ఫలితాలొచ్చేదాకా ఎవరి చీటీ వాళ్లు బయటపెట్టకూడదని పందెం. ఆవిడ తుమ్ము చీటీ చదివి పెద్దాయనకి అందించారు.

తీర్పు ఇది. ముగ్గురి పేపర్లూ ఇంకొకరు దిద్దుతారు. నా పేపరు రద్దు. బంధువు దిద్దాడు కనుక చెల్లదట. జూన్‌లో మళ్లీ రాయాలి. సాక్షి నోరు విప్పితే తనూ లేచిపోవాలి. మీరు పెట్టిన ఖరీదే.

వాళ్లు ముగ్గురూ నాతో మాట్లాడటం లేదు. పొడుగు మాత్రం ఒక్క మాట అంది: “మేం నీకు లెక్కలు చెప్పాం. నువ్వు మా సంగతులు మీ మావయ్యకి చెప్పావు.”

ఇక మీకు రాయాల్సింది. జనవరి 12 ఉత్తరం మీ దగ్గరే ఉండాలి. నా చిత్తుప్రతిలో లెక్కపెట్టాను, అందులో చీటీ అనే మాట ఏడుసార్లు ఉంది. ఏడుసార్లూ ఆట చీటీయే. వార్డెన్ గదిలో ఫోను ఉంది, నంబరు మీ డైరీలో నేనే రాశాను. ఏప్రిల్ 9న నేను మిమ్మల్ని సాయం అడిగాను. ఒక్క ముక్క రాసివ్వమన్నాను. అప్పటికి మీరు ఆ రిపోర్టు రాసిచ్చి పదిరోజులు. ఈ పని చేసిందెవరో కనుక్కోమని కూడా మిమ్మల్నే అడిగాను. మీరు బంధుత్వం ఉంది కనుక సబబు కాదు అన్నారు.

మీ అక్క కూతురు

*

ఇల్లు
మే 6

పిచ్చుకా,

నీ ఉత్తరంలో తప్పు అని చూపించగలిగింది ఒక్కటీ లేదు. నా వైపు నుంచి జరిగింది రాస్తాను.

మార్చి 30న వేరే గుంపులో ఒకాయనకి జ్వరం వచ్చి, ఆయన కట్టలు నాకు ఇచ్చారు. పేపర్లమీద పేర్లు ఉండవు. మూడోది నీ చేతిరాత. ‘న’ చూసి పోల్చాను. అప్పుడే కట్ట తిరిగివ్వాలి. ఇవ్వబోతున్నాను. పక్క బల్లమీద ఫిజిక్సు పేపర్లు దిద్దుతున్న మా ఫిజిక్సాయన తొంగిచూసి, “ఇదేంటండీ, మీ మ ఇక్కడ కూడా!” అన్నాడు. కట్టలో పేపర్లు తిప్పి ఇంకో మూడు ‘మ’లు పట్టుకున్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నా మేనకోడలికి, ఆమె స్నేహితులకి నేను లోపలినుంచి సాయం చేశానని అంటారేమో అనిపించింది. నీ కార్డు నా సంచిలోనే ఉంది. ఐదు నిమిషాల్లో రిపోర్టు కాగితం అడిగి తెచ్చుకున్నాను. ఆ రోజు దాన్ని నిజాయితీ అనుకున్నాను. భయం.

ఫోను సంగతి. క్యాంపు ఆఫీసులో ఫోను పక్కన నిలబడ్డాను. డైరీ తెరిచాను. నంబరు తిప్పలేదు. నువ్వు వేరే అర్థం చెప్తావేమోనని. చెప్తే రిపోర్టు వెనక్కి తీసుకోవాలి, కట్ట ఎందుకు ఉంచుకున్నానో చెప్పాలి. కాబట్టి నాకు అనుమానం రాలేదని నేను అనలేను. వచ్చింది. నీ చీటీలు ఎలాంటివో నాకు తెలుసు. జలుబు చీటీ ఇప్పటికీ నా పుస్తకంలో గుర్తుగా ఉంది.

ఏప్రిల్ 14న నీకు నేను రాసింది ఇంకా పెద్ద తప్పు. దానికి కారణం ఏమీ లేదు.

మూడేళ్లపాటు పేపర్లు దిద్దడం నుంచి నన్ను తీసేశారు. కాలేజీ సంజాయిషీ అడిగింది, ఇక్కడ రాసిందే అక్కడా రాశాను. మీ అమ్మకి నేనే వెళ్లి చెప్పాను. అక్క లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. మీ నాన్న మిషను ఆపి, “పిల్లని అడగాల్సింది బావమరిదీ” అన్నాడు. మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు.

నీ స్నేహితులకి విడిగా ఉత్తరం రాశాను, తప్పు నాదని. నువ్వు ఒప్పుకుంటే వచ్చి జూన్ పరీక్షకి చదివిస్తాను. వద్దంటే రాను.

మావయ్య

*

హాస్టల్
జూన్ 30

మావయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. రావద్దని వెంటనే రాయాల్సింది, ఆలస్యమైంది. రాలేదు కనుక అర్థం చేసుకున్నారని అనుకున్నాను.

పొడుగు, కళ్లజోడు, తుమ్ము పాసయ్యారు. మీరు రాసిన ఉత్తరం కళ్లజోడు పైకి చదివింది. ఆ మర్నాడు పొడుగు తన డెరివేటివ్‌ల నోటుబుక్కు నా మంచంమీద పెట్టి వెళ్లింది. అప్పట్నుంచి సాయంత్రాలు మళ్లీ చెప్పారు. లెక్కలే. వేరే కబుర్లు నా ముందు చెప్పుకోరు. నేను లోపలికొస్తే మాట మారుస్తారు. ఆటకి పిలుస్తున్నారు కానీ పాత్రలు ఇప్పుడు కళ్లజోడు రాస్తోంది. సాక్షిని తీసేశారు. పంచేది తుమ్ము. ఎన్ని ఆదివారాలైనా నాకు ఊరు చీటీయే వస్తోంది.

నిన్న నా ఫలితం వచ్చింది. యాభైకి నలభై ఒకటి. నలభై ఉండాలన్నారు కదా, ఒకటి ఎక్కువే వచ్చింది. రెండో ఏడాదికి వెళ్తున్నాను. గది ఇదే. ఆ స్టూలుమీద నాన్న ఇస్త్రీపెట్టె పెట్టుకున్నాడట.

పేపరులో ఇంటిగ్రేషన్ రెండు ప్రశ్నలు వచ్చాయి. రెండింటికీ స్థిరాంకం కలిపాను. పుస్తకంలో ఉన్నట్టు ప్లస్ సి అనే రాశాను. మర్చిపోకు అని నాకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

మీ అక్క కూతురు